పాతదానికి కొత్త రంగు వేద్దామా?

తాతల నాటి వస్తువు ఒకటి ఉంది. రంగు వెలిసింది, అంచులు అరిగాయి, అక్కడక్కడ తుప్పు పట్టింది. దాన్ని గీకి, కొత్త రంగు వేసి, మళ్లీ కొత్తదానిలా నిలబెట్టాలా? లేక కాలం దాని మీద వేసిన గుర్తులతో అలాగే ఉంచాలా? చూడటానికి ఇది మామూలు ఇంటి పనే. కొంచెం ఆలోచిస్తే మాత్రం పెద్ద ప్రశ్న. పాతదాని పట్ల మన బాధ్యత ఏమిటి, దాని మీద అధికారం ఎవరిది, ఒకసారి పోతే మళ్లీ రానిది ఏది అనే సంగతులు ఇందులో ఉన్నాయి.

ఈ ప్రశ్న మీద గట్టిగా వాదించుకునేవాళ్లు మనకు చాలా దూరంలో, అమెరికాలో ఉన్నారు. వాళ్ల గొడవ పాత కార్ల గురించి. ఆ కార్లతో మనకేం పని అనిపించవచ్చు. కానీ వాళ్ల వాదన చివరిదాకా వింటే మన గూడేల్లో, మన బడుల్లో మనం తేల్చుకోవలసిన విషయాలే అందులో కనిపిస్తాయి. కాబట్టి ముందు ఆ కార్ల సంగతి చూద్దాం.

ఆ కార్లను హాట్ రాడ్ అంటారు. ఏ కంపెనీ కూడా హాట్ రాడ్ అనే కారును తయారుచేసి అమ్మలేదు. ఫోర్డ్ కంపెనీ 1908 నుంచి మోడల్ టి కార్లను, ఆ తర్వాత మోడల్ ఎ కార్లను లక్షల్లో చేసింది. 1932లో ఎనిమిది సిలిండర్ల ఇంజన్ ఉన్న కారును సామాన్యుడు కొనగల ధరకు తెచ్చింది. ఇవి పాతబడి చవకగా దొరికేసరికి దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు కొనుక్కున్నారు. చేతిలో డబ్బు తక్కువ, వేగం మీద ఆశ ఎక్కువ. బరువు తగ్గాలని చక్రాల మీది రేకులు ఊడదీశారు, ముందు అద్దం తీసేశారు, ఇంజన్ విప్పి తమకు తోచినట్టు మార్చుకున్నారు. మురాక్ వంటి ఎండిపోయిన చెరువుల నేల మీద పందేలు కట్టుకున్నారు. 1937లో ఆ కుర్రాళ్ల జట్లు కొన్ని కలిసి ఒక సంఘం పెట్టుకున్నాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఆ ఊపు ఇంకా పెరిగింది. 1948 జనవరిలో ఆ పేరుతోనే ఒక పత్రిక మొదలైంది.

ఆ కుర్రాళ్ల దగ్గర ఉన్న డబ్బంతా ఇంజన్‌కే పోయేది. అందుకే చాలా కార్లు పైరంగు లేకుండా, అడుగున వేసే బూడిదరంగు పూతతోనే ఏళ్ల తరబడి తిరిగాయి. తలుపు మీద చేత్తో రాసిన పందెం నంబరు, వెల్డింగ్ మచ్చ, రాయి తగిలిన సొట్ట, అన్నీ అలాగే ఉండిపోయాయి. ఇప్పుడు ఆ కార్లు ఏ పాత కొట్టంలోనో దుమ్ము కింద బయటపడుతున్నాయి. ఒకప్పుడు పోలీసులు వెంటపడి తరిమిన ఆ బండ్లకు 1997లో పెబుల్ బీచ్‌లో జరిగే ఖరీదైన పాత కార్ల పోటీలో ప్రత్యేక వరుస ఇచ్చారు. విలువ పెరిగాక ప్రశ్న వచ్చింది. దొరికిన కారును గీకి నిగనిగలాడే రంగు వేయాలా? వెలిసిన రంగు, సన్నటి తుప్పు, చేతిరాత కలిసి ఏర్పడిన ఆ పాతపొరను ఉంచాలా? ఆ పొరను వాళ్లు పాటినా అంటారు. మనం దాన్ని కాలం వేసిన రంగు అనుకోవచ్చు.

రంగు వద్దనేవాళ్ల మాట ఇది. కొత్త రంగు ఎప్పుడైనా వేయవచ్చు, పాత రంగు మాత్రం ఒక్కసారే ఉంటుంది. గీకేస్తే దాన్ని చేసిన కుర్రాడి చేతిరాత పోతుంది. రంగు కావాలనేవాళ్లకూ బలమైన మాట ఉంది. ఆ కారును చేసిన కుర్రాడు పాతదాన్ని కాపాడాలని కూర్చోలేదు. ఫ్యాక్టరీ ఇచ్చిన కారును కోసి, విప్పి, తనకు కావలసినట్టు మార్చుకున్నాడు. మార్చడమే హాట్ రాడ్ స్వభావం. ఇప్పుడు దాన్ని ముట్టుకోవద్దంటే అతని పద్ధతికి మనం ఎదురు నడిచినట్టు కాదా? డబ్బుంటే అతనే రంగు వేసేవాడేమో.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. పాత కారు మీద ఒక చిన్న మచ్చంత చోట గరుకు కాగితంతో రుద్దితే పొరలు బయటపడతాయి. పైన తర్వాతి యజమాని వేసిన రంగు, దాని కింద పందేల నాటి పూత, దాని కింద ఫ్యాక్టరీ రంగు, అట్టడుగున ఇనుము. అసలైన కారు ఏ పొర? ఫ్యాక్టరీదే అసలంటే కుర్రాడి చరిత్ర పోతుంది. కుర్రాడిదే అసలంటే ఆ తర్వాత ముప్పై ఏళ్లు దాన్ని నడిపినవాడి కష్టం లెక్కలోకి రాదు. పాతదాన్ని యథాతథంగా ఉంచుతున్నామని చెప్పేవాళ్లు కూడా ఏదో ఒక పొరను ఎంచుకుని మిగతావాటిని పక్కన పెడుతున్నారు. అసలైన సంస్కృతి ఏది అని మనల్ని ఎవరైనా అడిగినప్పుడు ఈ పొరలు గుర్తుంచుకోవాలి. మన పాటలోనూ మాటలోనూ పండుగలోనూ ఎన్నో తరాల పూతలున్నాయి.

ఈ ప్రశ్నను ఇప్పుడు మన ఇళ్లలోకి తెచ్చుకుందాం. ఆదిలాబాద్ వైపు గోండు, కొలాం, పర్ధాన్ కుటుంబాలు పూజల్లో వాడుకునే ఇత్తడి బొమ్మలను, గజ్జెలను, దీపాలను ఓజాలు చేస్తారు. జైనూరు మండలం ఉషేగావ్ ఈ పనికి పేరున్న ఊరు. ముందు మట్టితో లోపలి ముద్ద చేస్తారు. తేనెమైనం, గుగ్గిలం కలిపి దారాల్లా సాగదీసి ఆ ముద్ద మీద చుట్టి కళ్లు, చేతులు, నగలు దిద్దుతారు. దాని మీద మళ్లీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలో కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక పై మట్టిని పగలగొడితేనే బొమ్మ బయటికి వస్తుంది. అచ్చు పగిలిపోతుంది కాబట్టి ఒక బొమ్మలాంటిది ఇంకొకటి ఉండదు. ఈ డోక్రా పనికి 2018లో ఆదిలాబాద్ పేరుతో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ఇలాంటి బొమ్మ మూడు తరాలు ఇంట్లో ఉంటే నల్లబడుతుంది. పసుపు, నూనె, పొగ, చేతి చెమట కలిసి దాని మీద ముదురు రంగు ఏర్పడుతుంది. ఊళ్లో ఉద్యోగానికి వెళ్లి వచ్చిన కుర్రాడికి అది మురికిలా కనిపిస్తుంది. చింతపండు, బూడిద తెచ్చి బంగారంలా మెరిసేదాకా తోముతాడు. అతని ఉద్దేశంలో తప్పు లేదు. అయితే ఆ పులుపు ఏం చేస్తుందో తెలుసుకోవాలి. ఇత్తడి మీది నలుపు బయటినుంచి వచ్చి అంటుకున్న దుమ్ము మాత్రమే కాదు. అందులో లోహం కూడా కలిసి ఉంటుంది. తోమిన ప్రతిసారీ సన్నటి లోహపు పొర నీళ్లలో కలిసిపోతుంది. అన్నం వండే గిన్నెకు దానివల్ల నష్టం లేదు. సన్నటి మైనపు దారంతో దిద్దిన కనురెప్ప ఉన్న బొమ్మకు మాత్రం కొన్నేళ్లలో కన్నే అరిగిపోతుంది.

అలాగని ఏదీ ముట్టుకోకూడదనీ కాదు. ఇత్తడి మీద నున్నగా, గట్టిగా పట్టి ఉన్న ముదురు రంగు లోహానికి కొంతవరకు రక్షణగా ఉంటుంది. లేతపచ్చగా పొడిపొడిగా రాలే చిలుము వేరు. అది లోపలికి తినుకుంటూ పోతుంది. ఇనుముకైతే ఈ తేడా ఇంకా ముఖ్యం, తుప్పు రేకుల్లా లేచిందంటే అడుగున ఇనుము తరుగుతూనే ఉంటుంది. అమెరికా కారువాళ్లలో తెలివైనవాళ్లు తినే తుప్పును ఆపుతారు. విరిగితే ప్రాణం తీసే బ్రేకులను, ఇరుసులను మారుస్తారు. వెలిసిన రంగును మాత్రం మైనం పూసి అలాగే ఉంచుతారు. పాతది అన్న ఒక్క మాట కింద తినేదాన్నీ, చెప్పేదాన్నీ కలిపేయకపోవడం వాళ్లలో మనం నేర్చుకోదగ్గ గుణం. మన ఆచారాల విషయంలోనూ ఇదే తేడా చూడాలి. ఆడపిల్లను బడి మాన్పించే అలవాటు, జ్వరం వచ్చిన పిల్లవాడిని ఆసుపత్రికి పోనివ్వని భయం తినే తుప్పులాంటివి. పాతవి అన్న కారణంతో వాటిని కాపాడనక్కర్లేదు. వాటితో పాటు అమ్మమ్మ పాటను కూడా గీకి పారేయనక్కర్లేదు.

ఇక అధికారం సంగతి. పాత రంగే అందం అని ఎవరు అంటున్నారో చూడాలి. ఆ కారును ఆదివారం బయటికి తీసి చూపించేవాడు ఒకలా మాట్లాడతాడు. రోజూ వానలో దాని మీద పనికి పోయేవాడు ఇంకోలా మాట్లాడతాడు. మన గూడేలకు కెమెరాలతో వచ్చేవాళ్లలో కొందరు గడ్డికప్పు ఇంటి ముందు నిలబడి, ఎంత అందంగా ఉందో, దీన్ని మార్చకండి అంటారు. వాళ్లు తిరిగి వెళ్లేది స్లాబు ఇంటికి. ఆ గడ్డికప్పు కింద వానాకాలం రాత్రి గిన్నెలు పెట్టుకుని కారే నీళ్లు పట్టేది మన అమ్మలు. మనం మారకుండా ఉంటే చూడటానికి బాగుంటుందని కోరుకోవడం మన మీద ప్రేమ అనిపించుకోదు. రేకుల ఇల్లు, మోటారు సైకిలు, సెల్‌ఫోను, చదువు కోరుకున్నందుకు మన యువత ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. మన చేతిలోంచి కుంచె లాక్కుని మనకే రంగు వేసేవాళ్లూ ఉన్నారు. ఇంట్లో పిలిచే పేరు ఒకటైతే బడి రిజిస్టర్‌లో ఇంకొకటి రాస్తారు. పలకడం రాలేదని ఊరి పేరును తమ నోటికి వీలుగా మార్చేస్తారు. ఇంట్లో మాట్లాడే భాష బడిలో వినపడితే పిల్లవాడిని నవ్వులపాలు చేస్తారు. అభివృద్ధి చేస్తున్నామనే మాటతో వేసే ఈ పూత కింద ఏముందో వాళ్లు చూడరు. మారకు అనేవాడూ, నాలాగా మారు అనేవాడూ ఒక విషయంలో ఒకటే. ఇద్దరూ మనల్ని అడగలేదు. కాబట్టి రంగు వేయాలా వద్దా అనేదానికంటే ముందు తేలవలసింది ఆ మాట చెప్పవలసింది ఎవరు అనేది. దాన్ని వాడుకునేవాళ్లు, దాన్ని చేసినవాళ్లు, దానికి మొక్కేవాళ్లు కూర్చుని చెప్పాలి.

మనవాళ్లు అలా కూర్చుని చెప్పుకున్నప్పుడు ఎలా నడిచిందో చూడటానికి కేస్లాపూర్ చాలు. నాగోబా జాతరకు ముందు మెస్రం వంశం వాళ్లు రోజుల తరబడి కాలినడకన గోదావరి ఒడ్డున ఉన్న హస్తినమడుగుకు వెళ్లి నీళ్లు తెస్తారు. జాతరలో వాడే కుండలను సిరికొండ కుమ్మరులు కొత్తగా చేసి ఇస్తారు. పాత కుండల మీద కాలం వేసిన రంగు ఉంది, వాటినే వాడాలి అని అక్కడ ఎవరూ అనరు. కొత్త కుండ రావడమే అక్కడి పాత పద్ధతి. గుడి కూడా మారింది. వంశం వాళ్లు తమలో తాము చందాలు వేసుకుని కట్టిన కొత్త రాతి గుడిలో 2022 డిసెంబర్‌లో ప్రతిష్ఠ జరిగింది. రాయి కొత్తది, గోదావరికి నడిచే దారి పాతది. ఏది మార్చవచ్చో, ఏది మార్చకూడదో వాళ్లే తేల్చుకున్నారు.

ఉత్తరాంధ్ర కొండల్లో సవరల గోడ బొమ్మలదీ ఇదే తీరు. ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండితో తెల్లని మనుషులను, జంతువులను, చెట్లను పెద్దలను తలచుకుంటూ వేస్తారు. మట్టిగోడ మీది పిండి ఎంతకాలం నిలుస్తుంది? సందర్భం వచ్చినప్పుడు అలికి మళ్లీ వేయాల్సిందే. వెలిసిన బొమ్మను అద్దంలో బిగించడం వల్ల ఆ కళ బతకలేదు. మళ్లీ వేయగల చేయి ప్రతి తరంలో ఉండటం వల్ల బతికింది. ఇంట్లో గొడ్డలికి కూడా కామ అరిగినప్పుడల్లా కొత్త కామ వేసుకుంటాం. అయినా అది తాత గొడ్డలే. కామ చెక్కడం తాత దగ్గర నేర్చుకున్నవాళ్లం మనమే కాబట్టి.

ఇన్ని చూశాక ఒక కొలబద్ద దొరుకుతుంది. ఒక వస్తువును మళ్లీ చేయగల చేతులు మన మధ్య ఉన్నాయా? ఉంటే కొత్తది చేసుకోవడం నష్టం కాదు, అది కొనసాగింపు. లేకపోతే ఆ పాత వస్తువే మనకు మిగిలిన చివరి గురువు. దాని మీది ప్రతి గీత ఒక పాఠం. దానికి రంగు పూస్తే పాఠాన్ని చెరిపేసినట్టే. కాలిఫోర్నియాలో హాట్ రాడ్ చేసిన మొదటి తరం దాదాపు వెళ్లిపోయింది. అందుకే వాళ్ల చేతిరాత ఉన్న తలుపును గీకవద్దు అనే మాటకు ఇప్పుడు బలం వచ్చింది. ఆ కుర్రాడు బతికి ఉండి తానే కుంచె పట్టుకుంటే ఎవరూ అడ్డం చెప్పకూడదు.

గుంజాల లిపి ఈ కొలబద్దకు మంచి ఉదాహరణ. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో గోండీ భాషను సొంత లిపిలో రాసుకున్న పాత రాతప్రతులు ఉన్నాయి. 2006లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం పరిశోధకుల ద్వారా అవి బయటి లోకానికి తెలిశాయి. సుమారు 1750 నాటివని అంచనా. ఆ కాగితాలు మాసిపోయాయి, అంచులు చిరిగాయి. వాటి మీది వెలిసిన సిరాను కొత్త సిరాతో దిద్దితే ఎలా ఉంటుంది? అక్షరం స్పష్టంగా కనిపిస్తుంది, కానీ మొదట రాసినవాడి చేయి ఎటు తిరిగిందో ఇక ఎప్పటికీ తెలియదు. అందుకని ఆ కాగితాన్ని ముట్టుకోకూడదు. మరి లిపిని కూడా అలాగే పెట్టెలో పెట్టి ఉంచితే అది చచ్చిపోతుంది. దానికి వాచకాలు రావాలి, ఫాంట్లు రావాలి, ఫోనులో రాయడానికి వీలుండాలి. 2018 జూన్‌లో ఈ లిపికి యూనికోడ్‌లో చోటు దొరికింది. కాగితాన్ని పాతగా ఉంచాలి, అక్షరాన్ని కొత్తగా రాయాలి. ఒకే వారసత్వానికి ఈ రెండూ అవసరమే.

దొంగ పాతదనం గురించి కూడా చెప్పుకోవాలి. పాత రంగుకు గిరాకీ పెరిగాక, కొత్త రేకు మీద ఉప్పునీళ్లు, ఆమ్లం చల్లి తుప్పు పట్టించి పాత కారులా చూపించడం మొదలైంది. బజారులో కొత్త ఇత్తడి బొమ్మకు నలుపు పట్టించి వందేళ్లదని అమ్మేవాళ్లూ ఉన్నారు. అందం కోసం నలుపు పెట్టడం తప్పు కాదు, నిన్న చేశామని చెప్పి అమ్మితే సరి. వయసు గురించి అబద్ధం చెప్పడమే తప్పు. వేదిక మీద మనతో చేయించే ఆటపాటల్లో కూడా ఈ దొంగ తుప్పు కనిపిస్తుంది. మనం ఎన్నడూ కట్టని ఆకుల బట్ట కట్టించి, ఇదే ఆదివాసీ నృత్యం అని చూపిస్తారు. అలాంటి చోట మన పిల్లలు తాము నిజంగా కట్టుకునే బట్టలోనే ఆడతామని చెప్పగలగాలి.

బడిలో పనిచేసే మన టీచర్లు ఈ ప్రశ్నను పిల్లల ముందు పెట్టవచ్చు. ఒక్కొక్కరూ ఇంట్లో ఉన్న ఒక పాత వస్తువు గురించి పెద్దలను అడిగి రాసుకు రావాలని చెప్పండి. ఎవరు చేశారు, దేనితో చేశారు, దాని పేరు ఇంటి భాషలో ఏమిటి, దాని మీది ఈ గీత ఎలా పడింది, ఇప్పుడు దాన్ని చేయగలవాళ్లు ఎవరైనా ఉన్నారా? చివరి ప్రశ్నకు వచ్చే జవాబే అన్నిటికంటే విలువైనది. ఉన్నారని వస్తే ఆ పెద్దాయనను ఒకరోజు బడికి పిలవండి. లేరని వస్తే ఆ వస్తువును కడగకుండా, దిద్దకుండా ఫొటో తీసి, కొలతలు రాసి భద్రం చేయించండి. పూజలో ఉన్న వస్తువైతే దాన్ని బయటికి తేవచ్చో లేదో వంశం పెద్దల మాటే చివరి మాట.

యువతకు చెప్పేది ఇంకొంచెం ఉంది. ఇంట్లో పాతదాన్ని చూసి సిగ్గుపడి రంగు వేయకండి. ఎవరో మెచ్చుకున్నారని పాతదాన్ని పట్టుకుని వేలాడకండి కూడా. బొమ్మను తోమాలా వద్దా అని వాదించుకునే సమయంలో సగం, ఆ బొమ్మ చేసే ఓజా ఇంటికి వెళ్లి మైనపు దారం ఎలా సాగదీస్తారో చూడటానికి పెట్టండి. ఆయన పిల్లలు ఆ పనిలో ఉన్నారా, ఇత్తడి ధరకు తట్టుకోగలుగుతున్నారా, పెళ్లికో పండుగకో మనం ఒక్క దీపమైనా ఆయన దగ్గర చేయించుకున్నామా అని అడగండి. ఆ కొలిమి వెలుగుతున్నంతకాలం నల్లబడిన బొమ్మను నల్లగా ఉంచుకునే స్వేచ్ఛా మనదే, దాని పక్కన మెరిసే కొత్త బొమ్మను నిలబెట్టుకునే స్వేచ్ఛా మనదే.